ఆఖరి వారం కాగితాలు

పద్దెనిమిదేళ్లుగా నాలుగు కాగితాలు మోస్తున్నాను. నిజానికి ఆ కాగితాలు ఇప్పుడు లేవు. ఎప్పుడో నా చేత్తోనే కాల్చేశాను. బరువు మాత్రం దిగలేదు. మా ఆయనతో చెప్పలేదు. మా అమ్మాయితో చెప్పలేదు. బాపట్లలో మా అమ్మ బతికున్నన్నాళ్లూ ఆవిడతోనూ చెప్పలేదు. పోయిన నెలలో ఒక్క మనిషికి చెప్పాను. ఆ సంగతి వరసలో వస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. పిల్లలకి ఇంట్లో ఏ పుస్తకాలు చదివి వినిపించాలో తెనాలిలో కొందరు తల్లులు నన్నడిగి తెలుసుకుంటారు. ఫోన్లు చేస్తారు, వాట్సాప్‌లో అడుగుతారు. "ఆంటీ, మా వాడికి ఏడో ఏడు, ఏ క్లాసిక్కుతో మొదలుపెట్టమంటారు?" నేను పెద్దరికంగా చెబుతాను. ఏ వయసుకి ఏది, ఎంతసేపు, ఏది ఇంకో రెండేళ్లు ఆగాలి, అన్నీ చెబుతాను. మధ్యలో పేజీలు దాటెయ్యకండి, మొదలుపెట్టింది చివరిదాకా చదవండి, పిల్లల్ని సగంలో వదిలెయ్యడం పాపం అని కూడా అంటాను. అన్న ప్రతిసారీ నోరు చేదవుతుంది. అయినా అంటూనే ఉన్నాను. ఎందుకంటానో నాకే తెలియదు.

మాది ఒకే ఇల్లు, రెండు అంతస్తులు. పైన మా బావగారి కుటుంబం, కింద మేము. అన్నదమ్ములిద్దరూ దుగ్గిరాల పసుపు యార్డులో వ్యాపారం చేసేవాళ్లు. పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. పిల్లలు ముగ్గురు. అక్కయ్యకి, అంటే మా తోటికోడలికి, ఇద్దరు మగపిల్లలు. నాకు సింధు ఒక్కతే. ఈ ముగ్గురికీ పుస్తకాలు చదివి వినిపించాలన్న ఆలోచన నాది. ఇది మాత్రం నిజం. నేను తెలుగు ఎమ్మే చదివాను. మా నాన్న బాపట్లలో లెక్చరర్. పిల్లల చెవిన మంచి తెలుగు పడాలనేవారు. నేనొక నోట్‌బుక్కు పెట్టి జాబితా రాశాను. అట్టలు గట్టివి, భాష గట్టిది, ఎవరన్నా చూస్తే 'అబ్బో' అనేవి. ఆదివారం సాయంత్రం ముగ్గుర్నీ చాప మీద కూర్చోబెట్టి చదివేదాన్ని. పావుగంట గడిచేసరికి ఒకడు కాలి గోరు గిల్లుకునేవాడు, ఒకడికి దాహమేసేది. సింధు నావైపే చూసేది గానీ వినేది కాదు. నాకు తెలిసేది. తెలిసినా ఇంకో రెండు పేజీలు గట్టిగా చదివేదాన్ని. అది పంతం కాకపోతే ఏంటి?

అక్కయ్యది రేపల్లె. చదివింది పదో తరగతి. ఒక ఆదివారం నాకు ఒంట్లో బాగోక పడుకుంటే పిల్లలు పైకి పోయారు. అక్కయ్య దగ్గర వాళ్ల బాబాయిగారి బైండు పుస్తకం ఒకటుంది. మీ ఇళ్లలోనూ ఒకప్పుడు ఉండే ఉంటాయి. వారపత్రికలో వచ్చే సీరియల్‌ని వారం వారం పిన్నులు విప్పి, ఆ పేజీలు తీసి దాచి, అయిపోయాక వరసలో పెట్టి బైండు చేయించడం. రేపల్లెలో ఆ బాబాయిగారి భార్య ఇరవయ్యేళ్లు అదే పనిగా చేశారట. పిల్లల్లేరు వాళ్లకి. ఈ సీరియల్ అక్కయ్యకి పెళ్లై తెనాలి వచ్చేశాక ఆవిడ దాచింది. ఆవిడ పోయిన మరుసటేడు బాబాయిగారు ఆ పుస్తకాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని రేపల్లె పాసింజరులో తెచ్చి, "పిల్లలకి చదివి వినిపించమ్మా" అని అక్కయ్య చేతిలో పెట్టి వెళ్లారు.

కథేమో ఒక పడవ సరంగు కూతురిది. తప్పిపోయిన తండ్రిని వెతుక్కుంటూ రేవు రేవూ తిరుగుతుంది. మహా గొప్ప రచనేం కాదు. కానీ అక్కయ్య చదువుతుంటే వినాలి! ఆవిడకొక నియమం ఉండేది. ముందు పేజీలు చూడదు. పిల్లలతో పాటే తనూ మొదటిసారి చదువుతుంది. "అయ్యో, పడవ మునిగిందర్రా!" అని తనే ముందు అదిరిపడేది. పేజీ వెనక సగం తెగిపోయిన వంటల శీర్షిక ఉంటే అదీ చదివేది. "వంకాయలు నిలువుగా తరిగి..." అని ఆగిపోయేది, తర్వాత ముక్క లేదు కాబట్టి. ఆ తర్వాత ఏం చెయ్యాలో పిల్లలు చెప్పేవాళ్లు. నవ్వులు కిందికి వినపడేవి.

నేను కింద కూర్చుని నా జాబితా దిద్దుకునేదాన్ని. వారపత్రికలో సీరియల్ కూడా ఒక క్లాసిక్కేనా అని మా ఆయనతో వెటకారమాడాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. పొరుగింటి పుల్లగూర రుచి అని సింధుని దెప్పాను. ఎనిమిదేళ్ల పిల్ల, దానికేం అర్థమవుతుంది? "పెద్దమ్మ చదివితేనే వింటానమ్మా" అంది. ఇంటికొచ్చిన మా బాపట్ల వాళ్ల ముందే అంది. అదే రోజు అక్కయ్య నేను తీసిన పుస్తకం అటూ ఇటూ తిప్పి, "మంచిదేలే, కాకపోతే పిల్లలకింకా పెద్దది. రెండేళ్లాగి చదువు" అంది. మంచి మనసుతోనే అంది, సరైన మాటే అంది. ఇప్పుడు నేను అందరికీ చెప్పే సలహా అదే. ఆ రోజు మాత్రం ఒళ్లు మండిపోయింది. పదో తరగతి మనిషి నాకు పుస్తకాలెంచడం నేర్పుతుందా?

సీరియల్ చివరికొచ్చింది. ఆ ఆదివారం ముగింపు. పిల్లలు వారమంతా అదే మాట. శనివారం మధ్యాహ్నం అక్కయ్య నందివెలుగులో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లింది. పిల్లలు బడికి పోయారు. ఉన్నట్టుండి మబ్బేసింది. డాబా మీద వడియాలున్నాయని పరిగెత్తాను. వడియాలు తీసి తిరిగొస్తుంటే పై వసారాలో మంచం మీద ఆ పుస్తకం. నేను చెయ్యాలనుకున్నది ఒక్కటే. ముగింపు ముందే చదివి, సింధుకి నేనే చెప్పెయ్యాలని. రేపు పెద్దమ్మ చదివేటప్పుడు 'నాకు తెలుసు, మా అమ్మ చెప్పింది' అనాలది. ఎంత చిన్న బుద్ధో చూడండి. అక్కడితో ఆగినా ఈ ఒప్పుకోలు ఉండేది కాదు.

చివరి వారం అచ్చు పేజీలు కావు. నాలుగు అరఠావు కాగితాలు, రెండు వైపులా గుండ్రటి చేతిరాత, నీలం సిరా. ఆ వారం తుఫానుకి రేపల్లెకి బస్సులు రాక పత్రిక రాలేదట. తర్వాత తెలిసిన సంగతి ఇది. వేరే ఊళ్లో ఎవరింట్లోనో ఒక ప్రతి ఉంటే, వాళ్లూ బైండుకి దాచుకుంటున్నారు కాబట్టి ఇవ్వం అన్నారట. పిన్నిగారు వాళ్ల అరుగు మీద కూర్చుని మొత్తం ఎత్తి రాసుకొచ్చారు. అప్పటికే పుస్తకం బైండింగుకి వెళ్లిపోవడంతో, ఆ కాగితాలు చివర మైదా జిగురుతో అంటించారు. కథ చదివాను. కథ అయ్యాక కింద ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. వాటి సంగతి ఇప్పుడే రాయలేను. కొంచెం ఆగండి. అవీ చదివాను. చదివి, కాగితాలు ఒక్కొక్కటీ పట్టుకుని లాగాను. పాత జిగురు కదా, అప్పడంలా విరిగి ఊడొచ్చాయి. బ్లేడు అక్కర్లేకపోయింది. కొంగులో పెట్టుకుని, వడియాల పళ్లెం పట్టుకుని మెట్లు దిగాను.

మర్నాడు అక్కయ్య చదువుతూ చదువుతూ 'ముగింపు వచ్చేవారం' అన్న మాట దగ్గరికొచ్చి పేజీ తిప్పింది. అట్ట. పిల్లలు గొల్లుమన్నారు. చిన్నవాడైతే ఏడ్చాడు. "అసలు లేదర్రా, ఆ వారం దొరికుండదు పిన్నికి" అని అక్కయ్య సర్దిచెప్పింది. ముందు పేజీలు చూడదు కదా, ఆవిడకేం తెలుసు? నేను మెట్ల మీద నిలబడి విన్నాను. సంతోషం వేసిందా అంటే, వేసింది. ఓ గంటసేపు.

తర్వాత భయం పట్టుకుంది. రెండు మూడు రోజుల్లో మళ్లీ అంటించేద్దామనుకున్నాను. మైదా ఉడికించాను కూడా. పైకి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఇంకో వారం ఉందిలే, ఇంకో వారం ఉందిలే అనుకుంటుండగా బాబాయిగారు చెప్పకుండా దిగిపోయారు. అక్కయ్య నన్ను కాఫీ కలపమంది. గ్లాసుతో నేను వెళ్లేసరికి ఆయన పుస్తకాన్ని వెనకనుంచి తెరుస్తున్నారు.

"అమ్మాయ్, ఆఖరి వారం ఏదమ్మా?"

"లేదు బాబాయ్. మొదట్నించీ లేదనుకున్నాం. పిల్లలు ఒకటే గోల."

"లేకపోడమేంటమ్మా? మీ పిన్ని చేత్తో రాసి పెట్టిందిగా. నాలుగు అరఠావులు."

అక్కయ్య మొహం పాలిపోయింది. "నేను చూళ్లేదు బాబాయ్, ఒట్టు. అయ్యో, మొన్న ముసురుకి వాసనొస్తోందని పిట్టగోడ మీద ఎండబెట్టాను. గాలికేమన్నా..." అని ఆగిపోయింది.

ఆయన నావైపు తిరిగారు. "నువ్వేమన్నా చూశావా అమ్మా?"

"లేదండి బాబాయిగారూ."

అంతే. ఈ రెండు మాటలు నా నోట్లోంచి ఎంత మర్యాదగా వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యం. కాఫీ గ్లాసు తొణకలేదు కూడా. తర్వాత అందరం వెతికాం. సన్‌షేడ్ మీద, పక్కింటివాళ్ల పెరట్లో, మొక్కల కుండీల వెనక. నేనూ వెతికాను! కుండీలు ఎత్తి ఎత్తి చూశాను. తేలు కుట్టిన దొంగ అంటారే, ఆ పూటంతా అదే నా బతుకు. బాబాయిగారు చివరికి, "పోనీలే అమ్మా, కాగితాలేగా" అన్నారు. పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నారు. సంచిలో ఇంకో బైండు అంచు కనిపించింది. పిల్లలకని తెచ్చిన రెండో పుస్తకం. అది బయటికి తియ్యలేదు. రైలు టైమైందని వెళ్లిపోయారు.

పేరు రాయకుండా కవర్లో పెట్టి రేపల్లెకి పోస్టు చెయ్యొచ్చు కదా అని మీరంటారు. నాకూ తట్టింది. కవరు కొన్నాను. అడ్రసు రాశాను. తెనాలి ముద్ర పడుతుంది, నా రాత అక్కయ్య గుర్తుపడుతుంది, అనుకుని చింపేశాను. ఎవరిచేతైనా రాయించవచ్చు. గుంటూరు పోయి పోస్టు చెయ్యవచ్చు. చెయ్యాలనుకున్నవాళ్లకి దారి ఉంటుంది. నేను పెరట్లో నీళ్ల పొయ్యి కింద పెట్టాను. స్నానానికి నీళ్లు కాగాయి. మా ఆయన పోసుకున్నారు.

అక్కయ్య ఆ తర్వాత పిల్లలకి ఒక్క పుస్తకం చదవలేదు. అడిగితే "నాకెందుకమ్మా, ఒకళ్ల వస్తువు జాగ్రత్త చెయ్యడం చాతకాని దాన్ని" అనేది. పిల్లలు కొన్నాళ్లు చూసి కిందికొచ్చారు. నేను గెలిచాను. గట్టి పుస్తకాలు పక్కనపెట్టి మెల్లగా అక్కయ్య లాగే చదవడం నేర్చుకున్నాను. ముందు పేజీలు చూడకుండా, అదిరిపడుతూ, మధ్యలో ఆపి పిల్లల్ని అడుగుతూ. నన్ను అందరూ మెచ్చుకునే ఆ చదివే పద్ధతి నాది కాదు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఉద్యోగాల్లో పడ్డారు. ఇప్పటికీ ముగ్గురూ కలిస్తే ఆ సరంగు కూతురి కథ ఎలా ముగిసుంటుందో వాదించుకుంటారు. సింధు ముగింపులో ఆ తండ్రి వాడరేవులో చేపలమ్ముతూ దొరుకుతాడు. చిన్నవాడి ముగింపులో తండ్రి ఓడకి కెప్టెన్ అవుతాడు. అసలు ముగింపు వాటి ముందు చాలా సాదా. తండ్రికి చూపు పోయి ఉంటుంది, ఆ పిల్ల తనెవరో చెప్పకుండా ఆయన పడవలోనే తెడ్డు వెయ్యడానికి కుదురుతుంది. నేను వింటూ కూర్చుంటాను.

బాబాయిగారు పోయి నాలుగేళ్లు. పెద్దకర్మ రోజున రేపల్లెలో ఆయన బీరువా తెరిచారు. పిన్నిగారు చేయించిన బైండు పుస్తకాలు వరసగా ఉన్నాయి, సగం పురుగు కొట్టేసి. ఒక్కటీ మళ్లీ ఎవరింటికీ వెళ్లలేదని వాళ్ల పక్కింటావిడ చెప్పింది. మా పుస్తకం అక్కయ్య తీసింది. వెనక అట్ట దగ్గర నాలుగు కొత్త తెల్లకాగితాలు అంటించి ఉన్నాయి. మొదటిదాని మీద 'ఆఖరి వారం' అని వణుకుతున్న చేత్తో రాశారు. కింద ఏమీ లేదు. గుర్తున్నంతవరకు రాద్దామనుకుని ఆపేశారు కాబోలు. అక్కయ్య అక్కడే కూలబడి ఏడ్చింది. నేను ఆవిడ వీపు నిమిరాను. ఇంతకంటే నీచం ఉంటుందా?

పోయిన నెలలో అక్కయ్య మనవరాలు, పెద్దవాడి కూతురు, ఆరేళ్ల పిల్ల, రేపల్లె నుంచి అక్కయ్య తెచ్చుకున్న ఆ పుస్తకం పట్టుకొచ్చి చదవమని పేచీ పెట్టింది. అక్కయ్యా నేనూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం. "దానికి చివర లేదమ్మా, నా వల్లే పోయింది" అంది అక్కయ్య. మామూలుగా అంది, ఉప్పు అయిపోయింది అన్నట్టు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా, ఆరేళ్ల పిల్ల ముందు, నేరం తన మీద వేసుకుని మరీ. పిల్ల ఆడుకోవడానికి పోయింది. నేను ఉండలేకపోయాను.

"అక్కయ్యా, అవి గాలికి పోలేదు. నేనే తీశాను" అన్నాను.

ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఎందుకు తీశావని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "తీసే ముందు చదివావా?" అంది.

ఇదిగో, ఇందాక రాయలేకపోయింది ఇదే. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నదేంటంటే, అదేదో కథ ముగింపు అనుకున్నాను, పిన్నిగారి జ్ఞాపకమని బాబాయిగారు వచ్చేదాకా నాకు తెలియదు, అని. అబద్ధం. "చదివాను" అన్నాను. ఏం రాసింది పిన్ని అనడిగింది. చెప్పాను. ఒక్క అక్షరం మర్చిపోలేదు. కథ కింద, కొంచెం చిన్న అక్షరాలతో ఇలా ఉంది: 'ఏమండీ, చెయ్యి నొప్పెట్టి రాత వంకర పోయింది, సర్దుకోండి. మనింట్లో వినేవాళ్లు లేరని ఈ పుస్తకాలు బీరువాలో పెట్టకండి. ఎవరింట్లో పిల్లలుంటే వాళ్లకివ్వండి. పైకి చదివి వినిపించమనండి.'

అక్కయ్య నా చేత మళ్లీ చెప్పించింది. రెండోసారి వింటుంటే ఆవిడ పెదవులు కదిలాయి. లేచి, ఒళ్లో తొడిమెలు దులుపుకుని, "ఆయన అడిగినప్పుడు నువ్వు నా పక్కనే నుంచున్నావు" అంది. పైకి వెళ్లిపోయింది. చిక్కుడుకాయలు నేనొక్కదాన్నే తీశాను.

నెలైంది. నాతో మాట్లాడటం లేదు. బావగారికి గానీ పిల్లలకి గానీ చెప్పినట్టు లేదు. చెప్పకపోవడం నా మీద దయతో అని నేననుకోను. క్షమించమని నేనడగలేదు, అడిగే మొహమూ లేదు. క్షమించాల్సిన మనిషి బీరువాకి తాళం వేసుకుని వెళ్లిపోయారు. తప్పు తప్పుగానే ఉంది, ఒక్క వీసం తగ్గలేదు. కానీ ఆ నాలుగు వాక్యాలు ఇన్నాళ్లూ నా ఒక్కదాని దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు అక్కయ్యకి తెలుసు, మీకు తెలుసు. అంతమటుకు నా గుండె తేలికైంది. అయ్యిందని చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

నిన్న ఆదివారం. సాయంత్రం ఐదింటికి పైన చాప పరిచిన చప్పుడైంది. కాసేపటికి అక్కయ్య గొంతు, కొంచెం బొంగురుగా, మొదటి వారం మొదటి పేజీ నుంచి. చుట్టుపక్కల పిల్లలు కూడా నలుగురైదుగురు ఎక్కినట్టున్నారు. ఆవిడ పైకి చదవడం విని పద్దెనిమిదేళ్లు. నన్నెవరూ పిలవలేదు. మెట్ల కింద నిలబడి, ఆ వారం అయిపోయేదాకా విన్నాను.